సిస్టమ్‌లో వచ్చిందన్నారు, కాగితం ఇమ్మన్నాను

మా పిన్నికి వచ్చే వితంతు పెన్షన్ 2022లో ఒక నెల ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పట్లో అది నెలకు 2,500 రూపాయలు. ఒకటో తారీఖు పొద్దున్నే వలంటీరు వచ్చి, వేలిముద్ర వేయించుకుని, డబ్బులు చేతిలో పెట్టి వెళ్లేవాడు. ఆ నెల పక్క గదిలో ఉన్న ముసలాయనకు ఇచ్చి, పిన్ని గుమ్మం ముందు నుంచే వెళ్లిపోతుంటే పిలిచి అడిగింది. "లిస్టులో మీ పేరు రాలేదమ్మా, సచివాలయంలో కనుక్కోండి" అన్నాడు.

పిన్ని విశాఖపట్నం కంచరపాలెంలో, ఊర్వశి జంక్షన్ దగ్గర ఒక సందులో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటుంది. రెండిళ్లలో పాచిపని చేస్తుంది. ఆ జీతం తిండికీ, పెన్షన్ అద్దెకీ సరిపోయేవి. బాబాయి సీతమ్మధార వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేసేవాడు. ఆయన పోయాక వాచ్‌మన్ గది ఖాళీ చేసి ఇటు వచ్చేసింది. పిల్లలు లేరు. అక్క కూతుర్ని కాబట్టి కాగితాల పని ఏదున్నా నా దగ్గరకే వస్తుంది.

మా వార్డు సచివాలయానికి ఇద్దరం కలిసి వెళ్లాం. అక్కడి అమ్మాయి పెన్షన్ ఐడీ కొట్టి, స్క్రీన్ మా వైపు తిప్పింది. ఇనెలిజిబుల్ అని ఉంది. కారణం దగ్గర విద్యుత్ వినియోగం 300 యూనిట్లు దాటిందని ఉంది.

అప్పటి నిబంధన తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. పెన్షన్ అర్హతకు ఆరు అంచెల పరిశీలన పెట్టారు. అందరూ సిక్స్ స్టెప్ వాలిడేషన్ అనేవారు. కుటుంబానికి ఉన్న భూమి, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో అయితే వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం. వీటిలో ఏ ఒక్కటి తగిలినా పేరు పోతుంది. ఆధార్ నంబరుతో అన్ని శాఖల డేటానూ జోడించి కంప్యూటరే తేల్చేస్తుంది.

పిన్ని గదిలో ఒక బల్బు, ఒక ఫ్యాను, పాత టీవీ ఒకటి ఉన్నాయి. ఫ్రిజ్ కూడా లేదు. ఇంటాయన సబ్ మీటరు పెట్టి, యూనిట్ల లెక్కన డబ్బు తీసుకుంటాడు. పిన్ని పేరు మీద కరెంటు సర్వీసు ఏదీ ఈ భూమ్మీద లేదు. "ఏ మీటరమ్మా ఇది? సర్వీసు నంబరు ఎంత?" అని అడిగాను. "మా లాగిన్‌లో ఇంతే కనిపిస్తుంది మేడమ్. సిస్టమ్‌లో అలా వచ్చింది. మా చేతిలో ఏమీ లేదు" అంది. పాపం, ఆ అమ్మాయి చెప్పింది నిజమే. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ అధికారం లేదు.

కరెంటు ఆఫీసుకు వెళ్తే, పిన్ని పేరు మీద ఏ సర్వీసూ లేదని నోటితో చెప్పారు. ఆ ముక్క రాసివ్వమంటే అలా ఇవ్వడం కుదరదన్నారు. సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. కొన్నాళ్లకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైందని. పరిష్కారం ఏమిటంటే, విద్యుత్ వినియోగం ఎక్కువ ఉన్నందున లబ్ధిదారు అనర్హులు. మేం ఏ మాట తప్పని మొత్తుకున్నామో, అదే మాట మాకు జవాబుగా తిరిగొచ్చింది.

నాకు కోపం వచ్చింది అక్కడే. ఒక ముసలావిడ ఇంటి అద్దె ఆగిపోయింది. ఆపిన మనిషి ఎవరో లేరు. ఈ ఆఫీసు ఆ ఆఫీసును చూపిస్తుంది, ఆ ఆఫీసు కంప్యూటర్‌ను చూపిస్తుంది. నేను పోర్టు రోడ్డులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పుస్తకంలో ఎంట్రీ పడిందంటే దాని వెనక వోచర్ ఉండాలి, వోచర్ మీద ఒకరి సంతకం ఉండాలి. లేకపోతే ఆడిటర్ ఆ ఎంట్రీని ఒప్పుకోడు. మా పిన్ని పేరు పక్కన ఒక ఎంట్రీ పడింది. దాని వోచర్ చూపించమని అడగడానికి నాకు దారి కావాలి. ఆ దారి సమాచార హక్కు చట్టం.

చట్టం గురించి అందరికీ పేరు తెలుసు. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. పది రూపాయలు కట్టి ఏదైనా అడగొచ్చు అంటారు. ఏదైనా అడిగితే పని కాదు. మా వీధిలోనే ఒకాయన తన పెన్షన్ గురించి "ఎందుకు ఆపారు, ఇది అన్యాయం కాదా, బాధ్యులపై ఏం చర్య తీసుకుంటారు" అని దరఖాస్తు పెట్టాడు. ప్రశ్నల రూపంలో ఉన్న వాటికి ఈ చట్టం కింద సమాచారం ఇవ్వలేమని ఒక్క వాక్యంతో తిప్పి పంపారు. ఆయన అడిగింది న్యాయమే. కానీ చట్టం దృష్టిలో సమాచారం అంటే రికార్డుల్లో ఉన్నది. 2010లో ఖానాపురం గండయ్య కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే అది. అధికారి దగ్గర ఉన్న సమాచారం అడగొచ్చు గానీ, ఆయన ఆ నిర్ణయానికి ఎందుకొచ్చాడన్నది ఈ చట్టం కింద అడగలేమని తేల్చింది.

మరి మన మీద తీసుకున్న నిర్ణయానికి కారణం తెలుసుకునే హక్కే లేదా అంటే, ఉంది. సెక్షన్ 4(1)(డి) చదవండి. పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయం వల్ల ప్రభావితులైన వాళ్లకు తెలియజేయడం ప్రభుత్వ సంస్థ బాధ్యత అని ఉంది. మనం అడగక ముందే చేయాల్సిన పని అది. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన వాక్యం ఇది. దరఖాస్తులు రాసేవాళ్లలో చాలామంది దీన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం చేసిన పోరాటం గురించి అప్పుడే చదివాను. 1990ల్లో అక్కడి కూలీలు కరువు పనుల కూలి సరిగా ఇవ్వలేదని తిరగబడినప్పుడు, వాళ్లు పట్టుబట్టింది మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చూపించమని. బిల్లులు చూపించమని. వాటిని ఊరందరి ముందు చదివితే, లేని మనుషుల పేర్లు, కట్టని గోడల లెక్కలు బయటపడ్డాయి. 1996లో బ్యావర్‌లో ధర్నాకు కూర్చున్నదీ ఆ కాగితాల నకళ్ల కోసమే. ఈ చట్టం పుట్టిందే చదువురాని కూలీలు తమ మీద రాసిన కాగితాన్ని చూపించమనడం నుంచి. మా పిన్ని విషయంలో దీన్ని వాడుకోవడానికి మొహమాటపడాల్సిన పనేముంది?

దరఖాస్తు పిన్ని పేరు మీదే, ఆవిడ సంతకంతో రాశాను. ఇది ముఖ్యం. నా పేరు మీద పెడితే వేరే మనిషి వివరాలు మీకెందుకంటారు. సొంత వివరాలు సొంత మనిషి అడిగితే ఆ మాట అనడం కష్టం. తెలుగులోనే రాశాను. ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష, మూడింట్లో దేనిలోనైనా రాయొచ్చని సెక్షన్ 6(1) చెబుతుంది. ఒక్క "ఎందుకు" కూడా పెట్టలేదు. ఫలానా పెన్షన్ ఐడీని అనర్హంగా గుర్తించిన రికార్డు నకలు అడిగాను. ఆ రికార్డులో లెక్కలోకి తీసుకున్న విద్యుత్ సర్వీసు నంబరు, దాని కేటగిరీ, చిరునామా, నెలవారీ యూనిట్లు అడిగాను. ఆ సర్వీసుకు పిన్ని ఆధార్‌ను జతచేసిన తేదీ, జతచేయడానికి ఆధారంగా తీసుకున్న పత్రం అడిగాను. పెన్షన్ ఆపే ముందు ఆవిడకిచ్చిన నోటీసు, అది అందినట్టు తీసుకున్న సంతకం నకళ్లు అడిగాను. పెన్షన్ ఆపే అధికారం ఏ హోదా అధికారికి ఉందో చెప్పే ఉత్తర్వు నకలు అడిగాను. ఆఖర్న, సెక్షన్ 4(1)(డి) ప్రకారం ప్రభావిత వ్యక్తికి తెలియజేయాల్సిన కారణాలు రికార్డులో ఎలా ఉంటే అలా ఇవ్వమని రాశాను. మొత్తం ఒక పేజీలో సరిపోయింది. మా కష్టాల కథ అందులో ఒక్క ముక్క లేదు. ఎందుకు కావాలో చెప్పాల్సిన అవసరం లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా అంటుంది.

ఫీజు సంగతి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు కార్డు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. అయినా ఫీజు లేదన్న వంకతో పక్కన పడేయకుండా పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడైతే స్పీడ్ పోస్టే. ఒక మాట, కేంద్రం వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు దరఖాస్తు పెట్టొద్దు. మన వైజాగ్‌లో పోర్టు, స్టీల్ ప్లాంట్, రైల్వే లాంటివి కేంద్రం కిందకొస్తాయి, వాటికి ఆ పోర్టల్ పనికొస్తుంది. పెన్షన్, రేషన్, కరెంటు, ఇంటి పన్ను రాష్ట్రం కిందివి.

పోస్టు చేసొచ్చిన రోజు రాత్రి పిన్ని ఫోన్ చేసింది. నిద్ర పట్టడం లేదంది. "ఇలా రాస్తే వాళ్లకి కోపమొచ్చి బియ్యం కార్డు కూడా తీసెయ్యరు గదా అమ్మా?" అని అడిగింది. ఆవిడ జీవితమంతా ఎవరో ఒకరి దయ మీద ఉండే గదుల్లో గడిచింది. అపార్ట్‌మెంట్ వాళ్లకు కోపమొస్తే గది పోతుంది, పనిచేసే ఇంటావిడకు కోపమొస్తే పని పోతుంది. ప్రభుత్వానికి కోపమొస్తే ఏం పోతుందోనని ఆవిడ భయం. ఇది హక్కు, దయ కాదని ఎంత చెప్పినా ఆ టెన్షన్ తగ్గలేదు. పైగా నాలుగు రోజులకే ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగానే మాట్లాడారు. "సహ చట్టం దరఖాస్తు వెనక్కి తీసుకుంటే మేమే చూసి చేయిస్తామమ్మా, దానివల్ల ఇంకా లేటవుతుంది" అన్నారు. పిన్ని కంగారుపడి ఫోన్ నాకిచ్చింది. "చూసి చేయించండి సర్, చాలా సంతోషం. కాగితం కూడా పంపించండి" అన్నాను. ఇలాంటి ఫోన్ వస్తే భయపడకండి. వెనక్కి తీసుకున్న దరఖాస్తుకు ఎవరూ జవాబు చెప్పరు.

గడువు 30 రోజులు. దాటే సమయానికి పెన్షన్ చూసే ఆఫీసు నుంచి కవరు వచ్చింది. కరెంటు వివరాలు తమ దగ్గర లేవని, ఆ భాగాన్ని సెక్షన్ 6(3) కింద విద్యుత్ పంపిణీ సంస్థలో ఇలాంటి దరఖాస్తులకు జవాబివ్వాల్సిన పౌర సమాచార అధికారికి బదిలీ చేశామని రాశారు. ఆ బదిలీ అయిదు రోజుల్లో చేయాలి. చేయలేదు. దాని మీద నేను గొడవ పెట్టుకోలేదు. ఎందుకంటే ఆ కవర్లోనే నాకు కావలసినది ఒకటి దొరికింది. నోటీసు గురించి అడిగిన అంశానికి ఎదురుగా, "నోటీసు జారీ చేసినట్లు ఈ కార్యాలయ రికార్డులలో లేదు" అని ఉంది. కింద అధికారి సంతకం, స్టాంపు.

ఆ వాక్యాన్ని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. సచివాలయంలో అడిగితే నోటీసు ఇచ్చే ఉంటారన్నారు, ఇంకో చోట మీరే చూసుకోలేదేమో అన్నారు. ఇప్పుడు లేదని సంతకం పెట్టి ఇచ్చారు. సమాచార హక్కు కింద "లేదు" అని వచ్చిన జవాబును చాలామంది ఓటమి అనుకుంటారు. నా లెక్కలో అది గట్టి సాక్ష్యం. ఒక మనిషి తిండి ఆపేముందు ఆ మనిషికి ఒక్క మాట చెప్పలేదని ప్రభుత్వమే ఒప్పుకున్న కాగితం అది.

కరెంటు వైపు నుంచి మాత్రం తిరస్కరణ వచ్చింది. అడిగిన సర్వీసు మూడో వ్యక్తికి సంబంధించినది, వ్యక్తిగత సమాచారం, కాబట్టి సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేం అని. అంతే, రెండు వాక్యాలు. తిరస్కరించినప్పుడు కారణంతో పాటు అప్పీలు ఎన్ని రోజుల్లో, ఏ అధికారికి చేసుకోవాలో కూడా రాయాలని సెక్షన్ 7(8)లో ఉంది. అదేమీ లేదు. ఆఫీసు గోడ మీద ఉన్న బోర్డు చూసి అప్పిలేట్ అధికారి హోదా రాసుకుని, మొదటి అప్పీలు పెట్టాను. తిరస్కరణ అందిన 30 రోజుల్లోగా పెట్టాలి. ఫీజు లేదు. అప్పీల్లో కూడా ఎక్కువ రాయలేదు. ఇది దరఖాస్తుదారు సొంత ఆధార్‌కు జతచేసిన సమాచారం. రాసిన పరీక్ష జవాబు పత్రం విద్యార్థి చూసుకోవచ్చని 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటప్పుడు తన పేరు పక్కన ఏం రాశారో పెన్షనుదారు చూసుకోకూడదా? ఇంకొకరి పేరు అందులో ఉంటే దాన్ని కొట్టేసి మిగతాది సెక్షన్ 10 కింద ఇవ్వొచ్చు. తిరస్కరణ సరైనదేనని నిరూపించే బాధ్యత సెక్షన్ 19(5) ప్రకారం అధికారిదే.

విచారణకు పిలిచారు. పిన్ని ఉతికిన చీర కట్టుకుని, కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. అప్పిలేట్ అధికారి పెద్దాయన. ముందు పిన్నిని కూర్చోమన్నారు, ఆ తర్వాతే మాట్లాడటం మొదలుపెట్టారు. పౌర సమాచార అధికారి తన ఫైలు తెరిచి, "సర్, ఆ సర్వీసు వేరే వాళ్లది. ఆవిడకీ దానికీ సంబంధం లేదు. వేరే వాళ్ల వివరాలు మనం ఇవ్వకూడదు" అన్నారు.

నేను ఎదురుచూస్తున్న మాట అదే. "సర్, ఆవిడకీ ఆ సర్వీసుకీ సంబంధం లేదని మీరే అంటున్నారు కదా. మేం ఇన్నాళ్లుగా అన్ని ఆఫీసుల్లోనూ చెబుతున్నది అదొక్కటే. ఆ సర్వీసులో యూనిట్లు ఎక్కువ వచ్చాయనే ఈవిడ పెన్షన్ ఆపారు. పెన్షన్ ఆపడానికేమో ఆ మీటరు ఈవిడది. వివరాలు అడిగితే వేరే వాళ్లది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?" అన్నాను.

గదిలో ఎవరూ వెంటనే మాట్లాడలేదు. పెద్దాయన ఫైలు తన వైపు లాక్కుని ఆ పేజీ చదివారు. పిన్ని వైపు చూసి, "అమ్మా, మీరిదివరకు ఎక్కడ ఉండేవారు?" అని అడిగారు. పిన్ని చెప్పింది. ఆయన తలూపి, సర్వీసుదారు పేరు కొట్టేసి మిగతా వివరాలు ఉచితంగా ఇవ్వాలని ఆదేశం రాశారు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి కాపీల డబ్బు తీసుకోకూడదని సెక్షన్ 7(6) చెబుతుంది, ఆ మాట ఆయనే అన్నారు. నేను ఈ చట్టంతో తిరిగినన్నాళ్లలో, చట్టం చదివిన అధికారి ఎదురుగా ఉంటే పని ఎంత తేలికవుతుందో ఆ రోజు చూశాను.

వచ్చిన కాగితం ఒకే పేజీ. పైన సర్వీసు నంబరు. పేరు దగ్గర నల్ల స్కెచ్ పెన్నుతో గీత. కింద చిరునామాలో సీతమ్మధార వైపు అపార్ట్‌మెంట్ పేరు, దాని పక్కన కామన్ సర్వీస్ అని. ఆరు నెలల యూనిట్లు వరసగా. ఒక్క నెల కూడా 300కి లోపు లేదు. ఎందుకుంటుంది? అపార్ట్‌మెంట్ మొత్తానికి నీళ్లు ఎక్కించే మోటారు, లిఫ్టు, మెట్ల మీద లైట్లు అన్నీ ఆ మీటరు మీదే. చివరి వరసలో ఆధార్ అని, చుక్కల తర్వాత నాలుగు అంకెలు. అవి పిన్నివే. జతచేయడానికి ఆధారమైన పత్రం దగ్గర, అందుబాటులో లేదు అని ఉంది.

పిన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ బిల్డింగు పేరు చదివింది. "ఇది మీ బాబాయి చేసిన బిల్డింగే" అంది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఎప్పుడో మీటర్లకు ఆధార్ నంబర్లు రాసుకోవడానికి మనుషులొచ్చారట. కామన్ మీటరుకు ఎవరిది ఇవ్వాలో తెలియక, కింద ఉన్నది వాచ్‌మన్ కుటుంబమే కాబట్టి వాళ్లది తీసుకున్నారట. "కార్డు చూపించమంటే చూపించాను. గవర్నమెంటోళ్లు అడిగితే చూపించాలి గదా" అంది. చూపించడం ఆవిడ తప్పు కాదు. ఎవరి నంబరు ఏ మీటరుకు కడుతున్నామో ఆలోచించకుండా రాసుకున్నది వాళ్లు, ఆ రాతను ఒక్కసారైనా సరిచూడకుండా ఒక మనిషి పెన్షన్‌కు ముడిపెట్టింది ఇంకొకళ్లు.

ఇక్కడొక సంగతి స్పష్టంగా చెప్పాలి. సమాచార హక్కు దరఖాస్తు ఏ నిర్ణయాన్నీ రద్దు చేయదు. పౌర సమాచార అధికారి కాగితం ఇస్తాడు, పెన్షన్ ఇవ్వడు. సమాచార కమిషన్ దాకా వెళ్లినా అంతే. రెండో అప్పీలు 90 రోజుల్లోగా పెట్టుకోవచ్చు, కావాలని సమాచారం దాచిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కానీ ఆపిన పెన్షన్‌ను తిరిగి ఇమ్మని కమిషన్ ఉత్తర్వు వేయదు. దానికి మళ్లీ అర్జీయే దారి. తేడా ఏమిటంటే, మొదటిసారి అర్జీలో మా మాట ఒక్కటే ఉంది. రెండోసారి అర్జీకి మూడు ప్రభుత్వ కాగితాలు జతచేశాం. నోటీసు ఇవ్వలేదన్నది ఒకటి, సర్వీసు మూడో వ్యక్తిదన్నది ఒకటి, కామన్ మీటరని చూపించే పేజీ ఒకటి. ఈసారి అర్జీ తీసుకున్న అధికారి వాటిని ఒక్కొక్కటీ తిరగేసి, పక్కనున్న వాళ్లను పిలిచి చూపించారు. లైన్‌మన్ వచ్చి పిన్ని గదిలో సబ్ మీటరు ఫోటో తీసుకుని వెళ్లాడు. కామన్ సర్వీసు నుంచి ఆధార్ తీసేశారు. ఆ తర్వాత లిస్టులో పేరు మళ్లీ వచ్చింది.

ఇదంతా 2022 నాటి చట్టంతో జరిగింది. ఇప్పుడు 8(1)(జె) అలా లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా దాన్ని మార్చారు, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఆ క్లాజులోనే, వ్యక్తిగత సమాచారమైనా విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మాట ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, ఇవ్వకుండా ఉండటానికి మినహాయింపు దొరికినట్టే. ప్రజాప్రయోజనం మాట సెక్షన్ 8(2)లో మిగిలి ఉంది కాబట్టి అప్పీల్లో దాన్ని పట్టుకోవాలి. నాకు ఇది చాలా ఆందోళన కలిగించే విషయం. పెన్షన్ జాబితా, మస్టర్ రోల్, రేషన్ జాబితా, ఏది తీసుకున్నా మనుషుల పేర్లు లేకుండా ఉండదు. ఇవ్వడం ఇష్టం లేని అధికారికి ఇది సులువైన సాకు. సొంత వివరాలు సొంతంగా అడిగేవాళ్లు మాత్రం వెనకాడాల్సిన పని లేదు. దరఖాస్తు మొదటి వాక్యంలోనే, ఇది నా గురించి మీ దగ్గరున్న రికార్డు అని రాయండి.

మా సందులో ఆ తర్వాత ఇంకొందరు వచ్చారు. ఒకావిడకి కారు ఉందని పెన్షన్ ఆపారు. ఆ బండి నంబరు అడిగి తెప్పిస్తే, కొడుకు నడుపుకునే టాక్సీ. టాక్సీకి నిబంధనలోనే మినహాయింపు ఉంది. ఇంకొకాయనది భూమి కేసు, అది ఆయన ఊరి రెవెన్యూ ఆఫీసులో ఇంకా నలుగుతోంది. వాళ్ల దరఖాస్తులు నేను రాసిపెట్టలేదు. పక్కన కూర్చుని వాళ్ల చేతే రాయించాను, రెండోసారి నా అవసరం ఉండకూడదని.

పిన్నికి మధ్యలో ఆగిన నెలల డబ్బు మాత్రం రాలేదు. ఆగిన నెలలవి ఇవ్వడానికి వీల్లేదని నోటితో చెప్పారు. ఏ ఉత్తర్వు ప్రకారం వీల్లేదో దాని నకలు ఇమ్మని ఇంకో దరఖాస్తు పెట్టాం. అలాంటి ఉత్తర్వు తమ కార్యాలయంలో లేదని జవాబొచ్చింది. ఆ జవాబు జతచేసి, బకాయి ఇప్పించమని పై అధికారికి అర్జీ ఇచ్చాం. 2024 జులై నుంచి పెన్షన్ 4,000 అయింది, అది నెలనెలా అందుతోంది. బకాయి అర్జీ ఏ దశలో ఉందో, ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుందో చూపించే ఫైలు నోట్ నకలు కోసం ఈ మధ్యే మళ్లీ రాశాం. ఈసారి దరఖాస్తు పిన్నే చెప్పింది, నేను రాశాను.